రికార్డులో లేని జట్టు

పోయిన నెల జయరాజు అంకుల్ హెర్న్‌డన్‌లో మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. కొడుకు కారులో తెచ్చి దింపి వెళ్లాడు. సోఫాలో కుదురుగా కూర్చుని, నార్త్ కరోలినాలో మా పాత తెలుగు ప్రార్థన కూటం ఇప్పుడు పెద్ద చర్చి అయిందనీ, దానికి ఒక సావనీర్ వేస్తున్నారనీ, అందులో తొలిరోజుల గురించి నేనొక వ్యాసం రాయాలనీ చెప్పాడు. "నువ్వు రైటర్‌వి కదమ్మా ఎస్తేరూ. క్యారీలో మీ ఇంట్లో ఆదివారాలు, ఆ బేస్‌బాల్ ఆట, నేనూ మీ నాన్నా పోట్లాడుకోవడం, అవన్నీ రాయి. స్వీట్ మెమొరీస్," అన్నాడు. నేను తల ఊపాను. ముసలివాడైనంత మాత్రాన మనిషి మంచివాడైపోతాడని నమ్మేదాన్ని కాను నేను. కానీ ఎనభై ఏళ్లవాడితో గుమ్మంలో నిలబడి తగువు పెట్టుకోవడం కూడా నాకు చేతకాదు. కొడుకు మళ్లీ వచ్చి ఆయన్ని తీసుకెళ్లిన కారు మలుపు తిరిగాక వెళ్లి రాయడానికి కూర్చున్నాను. రాసిందేమో సావనీర్‌లో వేసుకునేది కాదు. తీపి అసలే కాదు.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. అట్టపెట్టెలో వచ్చే ఆట అది. అప్పటికే ముప్పై, నలభై, యాభై ఏళ్ల కిందట దేశమంతా పేరు మోసిన బేస్‌బాల్ జట్లు అందులో ఉంటాయి. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. అతను నిజంగా ఆడిన సీజన్‌లో ఎన్నిసార్లు కొట్టాడో, ఎన్నిసార్లు ఔటయ్యాడో లెక్కగట్టి, ఆ ప్రకారం కార్డు మీద అంకెలు వేస్తారు. మూడు పాచికలు వేసి, పడిన అంకెను కార్డులో వెతుక్కుంటే ఆ బ్యాటర్‌కి ఏమైందో తెలుస్తుంది. అలా ఒకే కాలంలో ఎన్నడూ ఎదురుపడని జట్లను, ఆటగాళ్లలో సగంమంది సమాధుల్లోకి వెళ్లిపోయాక, డైనింగ్ టేబుల్ మీద ఎదురెదురుగా నిలబెట్టొచ్చు. మా వీధిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను వాకిట్లో పెట్టి అమ్ముతుంటే నాన్న ఆ పెట్టె కొన్నాడు. ఆయనకు బేస్‌బాల్ తెలియదు. గ్రౌండ్‌కి వెళ్లి ఆట చూడటం ఇష్టం లేదు. అక్కడ అరుపులు, బీరు వాసన ఆయనకు గిట్టవు. పెట్టె మూత తీసి అన్ని అంకెలు చూసేసరికి మనసు పడ్డాడు. నాన్న మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్ట్. అంకెలు మాట మార్చవన్నది ఆయన గట్టి నమ్మకం.

అది డెబ్భైల చివరి మాట, అప్పటికి క్యారీ ఇంత ఊరు కాదు. ఎటు చూసినా పైన్ చెట్లు, వాటి మధ్య కొత్త రోడ్లు, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్లు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో తెలుగు ప్రార్థన జరిగేది. అమ్మ పక్క ఊరు డర్హమ్‌లో ఆసుపత్రి నర్సు; శనివారం డ్యూటీ దిగి వచ్చి కోడి పులుసు పెట్టేది. జనవరి చలిలో కూడా కిటికీలన్నీ తెరిచి, మా కోట్లు ఉల్లిపాయ వాసన కొట్టకుండా పడకగదిలో పెట్టి తలుపు మూసేది. నాన్న ఆదివారం పొద్దున్నే వారానికి సరిపడా చొక్కాలు తానే ఇస్త్రీ చేసుకునేవాడు. గిన్నెలో నీళ్లు పెట్టుకుని, వేళ్లతో చిలకరించి, కాలర్ మీద ఇస్త్రీపెట్టెను అదిమిపట్టి, పొగ లేచేదాకా కదిపేవాడు కాదు. తడిబట్ట కాలే ఆ వాసన ఎక్కడ తగిలినా నేను గొంతు తగ్గించి మాట్లాడతాను, ఈ వయసులో కూడా. నాన్న మమ్మల్ని కొట్టే మనిషి కాదు. మాట్లాడటం మానేసే మనిషి. ఆటలో ఓడిన రోజు రాత్రి భోజనంలో చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ప్రార్థన అయ్యాక టేబుల్ దగ్గరికి నలుగురు చేరేవారు. నాన్నది పంతొమ్మిది వందల ఇరవైల నాటి న్యూయార్క్ జట్టు. పెట్టె కొన్నది తనే కనక అందరికన్నా బలమైనదాన్ని ముందే తీసి పెట్టుకున్నాడు. జయరాజు అంకుల్‌ది యాభైల నాటి బ్రూక్లిన్ జట్టు. దేవదానం అంకుల్ అని ఒక నెమ్మదైన ఇంజినీరు ఉండేవాడు, ఆయనది ముప్పైల నాటి డెట్రాయిట్. నాలుగో ఆయన యూనివర్సిటీలో చదువుకునే కుర్రాడు. సెయింట్ లూయిస్ జట్టు పెట్టుకుని ప్రతివారం ఓడిపోయి, పులుసన్నం కడుపునిండా తిని వెళ్లేవాడు. నేను స్కోరు రాసేదాన్ని. నాన్న ఒక పొడుగాటి రిజిస్టర్‌కి స్కేలుతో గీతలు కొట్టి ఇచ్చాడు. నా అక్షరాలు బాగుంటాయన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, పెద్దవాళ్లలో ఒకరు రాస్తే రెండోవారు నమ్మేవారు కాదు. శత్రువులను ప్రేమించమని అరగంట కిందట చదివిన నోళ్లే అవి. జయరాజు అంకుల్ పాచికలు గుప్పిట్లో పెట్టి ఊదితే నాన్న ఒప్పుకునేవాడు కాదు. స్టీలు పళ్లెంలోనే వెయ్యాలి, అంచుకు తగిలి వెనక్కి దొర్లితేనే చెల్లుతుందని రూలు పెట్టాడు. అంకుల్ ఆ పళ్లెం ఒరిగి ఉందనేవాడు. ఒకసారి ఇద్దరూ పిచ్చర్‌ని, అంటే బంతి వేసేవాణ్ణి, మార్చే విషయంలో మాట పట్టింపుకు పోయి మూడు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒకే పాటల పుస్తకం పట్టుకుని కీర్తనలు పాడారు.

ఆ పోరు పాచికల వల్ల వచ్చింది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జయరాజు అంకుల్‌ది తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న భూస్వాముల కుటుంబం. మతం మారినా పొలాలూ పరువూ వాళ్ల వెంటే వచ్చాయి. ఆయన పావులు జరుపుతున్నట్టు, ఆట మధ్యలో ప్రశ్నలు జరిపేవాడు. ఒంగోలు దగ్గరంటే ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? చర్చి బడి ఎటుంది, మీ ఇల్లెటు? నాన్న, "దగ్గరే," అని పాచికలు అందుకునేవాడు. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊళ్లో రైతులు ఉంటారు. ఊరికి దూరంగా ఉండే పల్లెలో, ఊళ్లోవాళ్లు ముట్టనివాళ్లు ఉంటారు. మాది పల్లె. ఈ సంగతి నాకు పదమూడో ఏట అమ్మ చెప్పింది, గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా. ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పింది. అప్పటిదాకా నేను గమనించిందల్లా ఒక్కటే: జయరాజు అంకుల్ భార్య శాంత ఆంటీ ప్రతి ఆదివారం తమకోసం వేరే గిన్నెలో ఏదో ఒకటి వండి తెచ్చుకునేది. అమ్మ వడ్డించబోతే అంకుల్ ఎప్పుడూ "ఇప్పుడే తిని వచ్చాం," అనేవాడు. కాఫీ పుచ్చుకునేవాడు, అదీ కాగితం కప్పులో.

ఇంకొకటి కూడా గమనించాను కానీ అర్థం చేసుకోలేదు. డర్హమ్‌లో ఆ రోజుల్లో సిగరెట్ ఫ్యాక్టరీలు నడుస్తుండేవి. ఊరి మీద తియ్యటి పచ్చి పొగాకు వాసన ఉండేది. నాకది ఎండు ద్రాక్షల్లా కమ్మగా తోచేది. నాన్న మాత్రం ఊరి పొలిమేర రాగానే ఎంత ఎండలోనైనా కారు అద్దాలు ఎత్తేసేవాడు. మా తాత పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట వేసే కూలి అనీ, నాయనమ్మ పొగాకు కంపెనీలో ఆకు ఏరే ఆడవాళ్లలో ఒకతె అనీ, జీతం రోజున కూడా ఆమె చేతులు నల్లగానే ఉండేవనీ ఆ గిన్నెలు కడిగే పూటే అమ్మ చెప్పింది. నాన్నకు పుట్టినరోజు లేదు. బడిలో చేర్చేటప్పుడు పంతులు తోచిన తేదీ వేశాడు. తాతకు అది కూడా లేదు; ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు.

నాకు పదిహేనేళ్లు వచ్చాక దేవదానం అంకుల్‌కి దేశానికి అవతలి వైపున్న చాండ్లర్‌లో, కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది; డెట్రాయిట్ జట్టును తనతోనే తీసుకుపోయాడు. ఖాళీ అయిన కుర్చీ నాకివ్వమని అడిగాను. రెండేళ్లుగా స్కోరు రాస్తున్నాను, వాళ్లందరి తప్పులూ నాకు కంఠతా వచ్చు. నాన్న, "ముందు ఒక మంచి టీం చూసుకో," అన్నాడు. పెట్టెలో మిగిలినవన్నీ అడుగున పడున్న జట్లే. వాటిలో ఏదో ఒకటి ఏరుకుంటాననుకున్నాడు.

బడి అయ్యాక అమ్మ డ్యూటీ దిగేదాకా నేను డర్హమ్‌లో లైబ్రరీలో కూర్చునేదాన్ని. అక్కడికి మిస్టర్ హాలిస్ అనే పెద్దాయన రోజూ పేపర్ చదవడానికి వచ్చేవాడు. నల్లాయన, పొడుగు మనిషి. సిగరెట్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. బేస్‌బాల్ స్కోర్లను చెక్క స్కేలు పెట్టి ఒక్కో వరసా చదివేవాడు. నేను మా రిజిస్టర్ ముందేసుకుని సగటులు కడుతుంటే ఒకరోజు వంగి చూసి, ఒకచోట భాగహారం తప్పిందన్నాడు. తప్పింది నిజమే. అలా మొదలైంది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీలో నల్ల కూలీలకు ఒక జట్టు ఉండేదట. తెల్లవాళ్ల జట్లు వాళ్లతో ఆడేవి కావు, ఊరి పేపరు వాళ్ల ఆట రాసేది కాదు. అందుకని స్కోరు ఆయనే రాశాడు, ప్రతి ఆటా, ఏళ్ల తరబడి. ఆ పుస్తకాలు మందపాటి అట్టలతో, పొగాకు మరకలతో, ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. నెల రోజులు నన్ను పరీక్షించాక ఒక సీజన్‌వి రెండు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంటికి తీసుకెళ్లొచ్చు, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పొద్దు అన్నాడు.

ఆ చలికాలమంతా నేను ఆ జట్టును కార్డులకెక్కించాను. నాన్న నేర్పిన పద్ధతిలోనే శాతాలు కట్టి, పెట్టెలోని అసలు కార్డుల కొలతకు అట్టముక్కలు కత్తిరించి, నల్లసిరాతో అంకెలు వేశాను. మొత్తం పదమూడు మంది. వాళ్లలో అమోస్ అనే పిచ్చర్ మీద నాకు వల్లమాలిన ప్రేమ కలిగింది. పొద్దంతా ఆకు బేళ్లు మోసి, సాయంత్రం వచ్చి బంతి వేసేవాడు. న్యూయార్క్ జట్టును ఎదుర్కోవాలంటే అతను ఇంకొంచెం గట్టివాడై ఉండాలని నాకనిపించింది. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక కార్డులు టేబుల్ మీద పరిచాను. స్కోరు పుస్తకాలు పక్కన పెట్టాను. ఎవరి జట్టో, ఎక్కడిదో చెప్పాను. జయరాజు అంకుల్ ఒక కార్డు ఎత్తి వెలుగులో పట్టి చూశాడు. నకిలీ నోటు చూసినట్టు చూశాడు. ఈ లెక్కలు ఎవరు ఒప్పుకున్నవి అని అడిగాడు. ఎవరో కూలివాడు ఇంట్లో కూర్చుని రాసుకున్నవి లెక్కలైపోతే, రేపు నేనూ మా పాలేళ్ల చేత ఒక టీం రాయించి తెస్తానని నవ్వాడు. ఆయన చేతి కింద ఉన్న బ్రూక్లిన్ జట్టు, పెద్ద లీగులో నల్ల ఆటగాణ్ణి ముందుగా ఆడనిచ్చిన జట్టు. అది ఆయనకు తెలియదు. ఆయనకు తెలిసిందల్లా ఆ కార్డులు బాగా కొడతాయని.

నేను నాన్న వైపు చూశాను. రెండేళ్లుగా పాచికల దగ్గర ఆ మనిషి చెప్పిన ఒక్కమాటకీ ఒప్పుకోనివాడు, ఆ పూట ఒప్పుకున్నాడు. "ఆయన చెప్పింది కరెక్టే ఎస్తేరూ. రికార్డు లేనిదాన్ని ఒప్పుకోలేం," అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉండటం గుర్తుంది. నేను తెలుగులోనే అన్నాను, అందరికీ అర్థమయ్యేలా. "తాత పేరు ఏ రికార్డులో ఉంది నాన్నా? నీ బర్త్‌డే ఏ రికార్డులో ఉంది? మనం ఊళ్లోవాళ్లం కూడా కాదు, పల్లెవాళ్లం. మరి మనల్ని ఎవరు ఒప్పుకుంటారు?"

శాంత ఆంటీ చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. చదువుకునే కుర్రాడు తన కార్డులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నాన్న కళ్లెత్తలేదు. అప్పుడు జయరాజు అంకుల్ నా కార్డును మెల్లగా టేబుల్ మీద పెట్టి, ఎంతో దయగా అన్నాడు:

"మాకు తెలియదనుకున్నావా అమ్మా? మొదటి రోజే తెలుసు. ఆ పేరు, ఆ యాస, తెలియకుండా ఎలా ఉంటుంది? మీ నాన్న బాధపడతాడని ఎప్పుడూ బయటపడలేదు. దేవుడి ముందు అందరం ఒకటే కదా."

నాన్న మొహం ఆ క్షణంలో ఎలా ఉందో నేను వర్ణించను. పదేళ్లు ఒక గోడ కట్టుకుని, దాని వెనక తలెత్తుకుని తిరిగాననుకున్న మనిషికి, అక్కడ గోడే లేదని, అందరూ చూస్తూనే ఉన్నారని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ గోడను నేను కూలగొట్టాననుకున్నాను. జయరాజు అంకుల్ నాకంటే ఘనుడు. అది ఎన్నడూ లేదని నవ్వుమొహంతో చెప్పాడు. ఆ దయను నేను ఈ రోజు వరకు క్షమించలేదు.

అందరూ వెళ్లాక నాన్న పడకగదిలోకి వెళ్లాడు. తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే అమ్మనే అడిగేవాడు, నా పక్కనే ఉన్నా. అమ్మ నన్ను ఓదారుస్తుందనుకున్నాను. "నువ్వు అబద్ధం చెప్పలేదు," అంది. "కానీ ఆ మాట ఆయనది. మోసినవాడు ఆయన. నలుగురిలో దించడానికి నువ్వెవరు?" తర్వాత చాలాసేపు పొయ్యి తుడుస్తూనే ఉంది, శుభ్రంగా ఉన్న పొయ్యిని.

లైబ్రరీలో మిస్టర్ హాలిస్‌కి జరిగింది చెప్పుకుని ఏడవబోయాను. మా ఇంటి సంగతి కాదు, వాళ్ల జట్టును ఒప్పుకోలేదన్న సంగతి. ఆయన ఏడుపు పట్టించుకోలేదు, కార్డులు చూపించమన్నాడు. స్కేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. అమోస్ కార్డు దగ్గర ఆగాడు. ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను.

"ఇతనెవరు?"

"అమోస్."

"కాదు. అమోస్ బంతి తిన్నగా పడేది కాదు. వరసబెట్టి అవతలి జట్టువాళ్లని, వాళ్లు బంతి కొట్టకుండానే, ఊరికే మొదటి బేస్‌కి నడిపించేవాడు. నా పుస్తకంలో ప్రతి ఒక్కటీ రాశాను. నువ్వు వేరే ఎవరినో తయారుచేశావు."

అలా లేకపోతే జట్టు ఓడిపోతుందని గొణిగాను.

"ఓడిపోతే ఓడిపోనీ," అన్నాడు. "ఓడిపోయేది కూడా వాళ్లే అయి ఉండాలి కదా. అయినా ఎవరి చేతనో ఒప్పించమని నేను నిన్ను అడిగానా?"

పుస్తకాలు రెండూ చంకలో పెట్టుకుని లేచాడు. ఆ తర్వాత కూడా రోజూ పేపర్ చదవడానికి వచ్చాడు కానీ ఇంకో బల్ల దగ్గర కూర్చునేవాడు. నేను వెళ్లి పలకరిస్తే తల ఊపేవాడు, అంతే. ఎవరో రాసుకున్నవి లెక్కలెలా అవుతాయన్న జయరాజు అంకుల్ మాట, పన్నెండు కార్డుల విషయంలో బలుపు. పదమూడో కార్డు విషయంలో అది నిజం. ఆ నిజం ఆయన చేతికి ఇచ్చింది నేనే. ఇన్నేళ్లు ఎవరెవరి మీదో పగ పట్టాను కానీ, అన్నిటికన్నా మండేది ఆ కార్డు తల్చుకుంటేనే. పుస్తకాల్లోని అంకెలన్నీ నా నోటుబుక్‌లో ఎక్కించుకుని ఉన్నాను కనక ఆ రాత్రే అమోస్‌ని అతను ఎలా ఉండేవాడో అలాగే మళ్లీ రాశాను. చాలా మామూలు పిచ్చర్ తేలాడు.

మూడో శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. జయరాజు అంకుల్. ఏమీ జరగనట్టే, రేపు ప్రార్థన ఉందా, ఆట ఉందా అని అడుగుతున్నాడని నాన్న జవాబుల్ని బట్టి తెలిసింది. నాన్న విని, విని, చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ చెప్పాడు. "రండి. కానీ ఈసారి మా ఇంట్లో అన్నం తిని ఆడాలి. ఇద్దరూ. మా పళ్లేల్లో." అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. నాన్న ఫోన్ పెట్టేశాడు. మరునాడు అమ్మ మామూలుగానే వండింది. ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం ప్రార్థన వాళ్లింటికి మారిందని కబురొచ్చింది, అదీ వేరేవాళ్ల ద్వారా. మేం వెళ్లలేదు. క్యారీలో మా తెలుగు అంతటితో మా ముగ్గురి మధ్యకు కుదించుకుపోయింది.

ఎవరూ రాని ఆ ఆదివారం, అన్నం తిన్నాక నాన్న టేబుల్ తుడిచి పళ్లెం మధ్యలో పెట్టాడు. "తీసుకురా," అన్నాడు. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను కార్డులు, నోటుబుక్ తెచ్చాను. ఆయన పాచికలు ముట్టుకోలేదు. పెన్ను తీసి పదమూడు మంది లెక్కలూ మొదటి నుంచి కట్టాడు. గంటన్నర పట్టింది. రెండు చోట్ల నేను దశాంశం తప్పు వేశాను, దిద్దాడు. ఒకతనికి దానివల్ల నష్టం, ఒకతనికి లాభం. అమోస్ కార్డు దిద్దిన సంగతి కనిపెట్టాడు, కింద పాత అంకెలు గీకిన మరక ఉంది. నా వైపు చూశాడు. అప్పుడు న్యూయార్క్ జట్టును బయటికి తీశాడు.

జాలిపడి ఆడతాడేమోనని భయపడ్డాను. ఆ భయం అనవసరం. నాన్న జయరాజు అంకుల్‌తో ఎలా ఆడేవాడో నాతోనూ అలాగే ఆడాడు, ఇంకా ఘోరంగా. నా చెయ్యి పళ్లెం అంచు దాటిందని ఒకసారి, పాచిక దొర్లలేదని ఒకసారి, రెండుసార్లు మళ్లీ వేయించాడు. అమోస్ ఏడుగురిని ఊరికే నడిపించాడు. తొమ్మిదికి మూడు, నేను ఓడిపోయాను. తర్వాత ఆయన రిజిస్టర్ తన వైపు తిప్పుకున్నాడు. ఎప్పుడూ నేను రాసేదాన్ని, ఆ రోజు తను రాశాడు. జట్టు పేరేమిటని అడిగాడు. పేరేమీ లేదు, ఫ్యాక్టరీ టీం అనేవారట అన్నాను. అదే రాశాడు. తర్వాత ఒక్కొక్కరి పేరు అడిగాడు, ఇంటిపేరుతో సహా. అమోస్ టర్నెల్ అన్న చోట స్పెల్లింగ్ రెండుసార్లు చెప్పించుకున్నాడు. నన్ను క్షమించాడని కాదు. ఆ తర్వాత కూడా నెలల తరబడి మా మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఆట ఉన్నప్పుడు మాత్రం మాట్లాడుకునేవాళ్లం, అదీ పోట్లాటే.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో అలాంటి ఆట ఉంది. వేలితో ఒకసారి తాకితే పాత జట్లన్నీ నూరు సీజన్లు ఆడి పారేస్తాయి. పాచిక ఒరిగిందని పోట్లాడటానికి అవతల మనిషే ఉండడు. ఆ కాలంలో నల్లవాళ్లు తమలో తాము ఆడుకున్న పెద్ద లీగుల లెక్కలు కూడా ఇప్పుడు అసలు రికార్డుల్లోకి ఎక్కాయి. మంచిదే. పుస్తకాలు రాసుకుని దాచినవాళ్లు ఉన్నారు కనకే ఎక్కాయి. ఫ్యాక్టరీ టీం మాత్రం ఎందులోనూ లేదు. నేను వెతికాను. ఇక మనుషుల సంగతి: మా చుట్టుపక్కల తెలుగువాళ్లు ఇప్పుడు వేలల్లో ఉన్నారు, పాలరాతి వంటిళ్లు ఉన్నాయి, ఎవరూ గిన్నె వేరే తెచ్చుకోరు. ఇంటిపేరు అడిగి, ఊరి పేరు అడిగి, ఆ తర్వాత ఊళ్లో ఎటువైపు అని ఆగే ఆ చిన్న విరామం మాత్రం అలాగే ఉంది. మా అమ్మాయి పెళ్లి మాటల్లో కూడా విన్నాను. ఈసారి ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పాను.

మళ్లీ వెనక్కి వెళితే, చదువయ్యాక నాకూ చాండ్లర్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఎనభైల మధ్యలో ఒక సెలవుకి క్యారీ వెళితే నాన్న కంప్యూటర్ కొని ఉన్నాడు. ఇస్త్రీ బల్ల ఉండే గదిలో పెట్టుకున్నాడు. పాత జట్లు తమంతట తామే ఆడుకునే ఆట ఒకటి ఫ్లాపీలో తెప్పించుకున్నాడు. కావలసిన జట్టును మనమే టైపు చేసి ఎక్కించుకోవచ్చట. ఫ్యాక్టరీ టీం పదమూడు మందినీ ఎక్కించాడు, ఒక్క అంకె తప్పు లేకుండా. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆకుపచ్చ అక్షరాలు ఒక్కో వరసా కిందికి దిగుతున్నాయి. అమోస్ మొదటి ఇన్నింగ్స్‌లోనే ఇద్దరిని ఊరికే నడిపించాడు. నాకు ఒళ్లు మండి, ఇంకో పిచ్చర్‌ని వెయ్యొచ్చు కదా అన్నాను. వాళ్లకున్నది అతనొక్కడే అన్నాడు నాన్న. తర్వాత స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు:

"ఆ రోజు నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది నువ్వు."

ఏ రోజు అని నేను అడగలేదు. "అడిగితే చెప్పనిచ్చేవాడివా?" అన్నాను.

ఆయన భాగహారం చేసేటప్పుడు పెదవులు కదిలించినట్టు కదిలించాడు. మంచి మాట ఏదో చెబుతాడేమోనని నేను జంకాను.

"లేదు," అన్నాడు.

"నేనూ అడిగేదాన్ని కాదు," అన్నాను.

నాన్న తల ఊపి మీట నొక్కాడు. మూడో మనిషి బ్యాటింగ్‌కి వచ్చాడు.